లిథియం క్లోరైడ్ కలిస్తే గ్రిగ్నార్డ్‌కి అంత వేగం ఎలా వస్తోంది? నా చేతి బ్యాచ్ ఎందుకు ఆగిపోతోంది?

బెంచ్ 7

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక ఆర్ అండ్ డీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పది రోజులుగా ఒకే స్టెప్ దగ్గర ఇరుక్కుపోయాను.

సైనో గ్రూప్ (కార్బన్-నైట్రోజన్ త్రిబంధం) ఉన్న ఒక ఆరైల్ బ్రోమైడ్, అంటే బెంజీన్ లాంటి వలయం మీద బ్రోమిన్ ఉన్న పదార్థం (పేరు బయటపెట్టలేను, క్షమించండి). దాని బ్రోమిన్ స్థానంలో మెగ్నీషియం తెచ్చి (కార్బన్-మెగ్నీషియం బంధం ఉన్న ఇలాంటి రియేజెంట్లనే గ్రిగ్నార్డ్ అంటాం), ఆల్డిహైడ్‌తో కలపాలి. సైనో ఉంది కాబట్టి మెగ్నీషియం టర్నింగ్స్ (లోహపు తురుము) వేసి రిఫ్లక్స్ పెట్టే, అంటే మరిగించే, మామూలు దారి పనికిరాదు. అందుకే ఎక్స్‌చేంజ్, అంటే తయారుగా ఉన్న వేరే గ్రిగ్నార్డ్‌తో బ్రోమిన్-మెగ్నీషియం మార్పిడి, పెట్టుకున్నాం.

మొదట మామూలు ఐసోప్రొపైల్ మెగ్నీషియం క్లోరైడ్ వాడాను. 0 డిగ్రీల దగ్గర మూడు గంటలు, ఆపైన రాత్రంతా రూమ్ టెంపరేచర్. పొద్దున్నే జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ) చూస్తే స్టార్టింగ్ మెటీరియల్ చాలావరకు అలాగే ఉంది. వేడి చేస్తే ముదురు గోధుమ రంగు తిరిగి, టీఎల్‌సీలో ఏడెనిమిది మచ్చలు, అంటే అన్ని రకాల పదార్థాలు వచ్చాయి.

మా సీనియర్ ఒక చిన్న బాటిల్ ఇచ్చారు. అదే రియేజెంట్, కాకపోతే లిథియం క్లోరైడ్‌తో కలిసిన కాంప్లెక్స్, టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్‌లో 1.3 మోలార్. 0 డిగ్రీల దగ్గర రెండున్నర గంటల్లో రియాక్షన్ పూర్తయింది. సైనో చెక్కుచెదరలేదు. నాకు నిజంగా నోట మాట రాలేదు.

బాటిల్ అయిపోయింది, కొత్తది మూడు వారాలకు గానీ రాదన్నారు. నేనే తయారు చేశాను: మెగ్నీషియం టర్నింగ్స్, లిథియం క్లోరైడ్, టీహెచ్‌ఎఫ్, చుక్క చుక్కగా ఐసోప్రొపైల్ క్లోరైడ్. చూడ్డానికి అదే ద్రావణం. కానీ కన్వర్షన్ (స్టార్టింగ్ మెటీరియల్ మారిన శాతం) 60 దగ్గరే ఆగిపోతోంది. మూడుసార్లు చేశాను: 62, 55, 58.

రియాక్షన్‌లో నేరుగా పాల్గొనని ఒక సాల్ట్ ఇంత తేడా ఎలా తెస్తుంది? నా బ్యాచ్‌లో తప్పు ఎక్కడుంది? వచ్చే వారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జింక్ పీహెచ్‌డీ

నేరుగా పాల్గొనదు అన్నారు చూడండి, అక్కడే నేను ఒప్పుకోను. పాల్గొంటుంది.

టీహెచ్‌ఎఫ్‌లో ఐసోప్రొపైల్ మెగ్నీషియం క్లోరైడ్ ఒంటరి అణువులుగా మాత్రమే ఉండదు. క్లోరిన్లు రెండు మెగ్నీషియంల మధ్య వంతెనలా నిలబడి జంటలుగా, గుంపులుగా కట్టేస్తాయి. గుంపులో ఉన్న రియేజెంట్ మందకొడిగా ఉంటుంది. లిథియం క్లోరైడ్ వచ్చి ఆ గుంపుల్ని విడదీస్తుంది. తన క్లోరైడ్‌ని మెగ్నీషియంకి ఇస్తుంది, లిథియం పక్కన నిలబడుతుంది. ఇప్పుడు మెగ్నీషియం మీద ఒక ఐసోప్రొపైల్, రెండు క్లోరిన్లు, పైగా నెగటివ్ చార్జ్. దీన్నే మెగ్నీషియేట్ స్వభావం అంటారు. చార్జ్ పెరిగితే ఐసోప్రొపైల్ ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం పెరుగుతుంది, బ్రోమిన్ మీద దాడి సులువవుతుంది. మ్యూనిక్‌లో పాల్ క్నోషెల్, క్రసోవ్‌స్కీ 2004లో ఈ కాంప్లెక్స్‌ని ప్రచురించినప్పుడు ఇచ్చిన వివరణ దాదాపు ఇదే. టర్బో గ్రిగ్నార్డ్ అన్న పేరు తర్వాత స్థిరపడింది.

అసలు లాభం వేగం ఒక్కటే కాదు. వేగం వల్ల 0 డిగ్రీల దగ్గర, అంతకంటే కింద పని అయిపోతోంది. అంత చల్లదనంలో సైనో, ఎస్టర్ లాంటివి కదలవు. మీరు వేడి చేసినప్పుడు వచ్చిన ఏడెనిమిది మచ్చలకు, ఇప్పుడు సైనో చెక్కుచెదరకపోవడానికి కారణం అదే.

రెండో ప్రశ్నకు నేను తిరిగి ఇంకో ప్రశ్న అడగాలి. లిథియం క్లోరైడ్ ఎలా ఆరబెట్టారు? తయారైన ద్రావణాన్ని టైట్రేట్ చేసి అసలు గాఢత కొలిచారా?

బెంచ్ 7

110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా పెట్టాను. టైట్రేషన్ చేయలేదు. మెగ్నీషియం ఎక్కువ వేశాను, క్లోరైడ్ లెక్క ప్రకారం 1.3 రావాలి కాబట్టి 1.3 అనుకునే 1.1 ఈక్వివలెంట్లు (ఒక మోల్ బ్రోమైడ్‌కి 1.1 మోల్స్) వాడాను.

పాత ప్రాసెస్ కెమిస్ట్

తమ్ముడూ, అనుకోకూడదు. గ్రిగ్నార్డ్ విషయంలో అనుకున్న నంబర్‌తో ఈక్వివలెంట్ లెక్క వేయకూడదు. నేను ఇరవై ఏళ్లకు పైగా ప్లాంట్లలో ఉన్నాను, ఈ ఒక్క మాట కొత్తగా చేరిన ప్రతి పిల్లాడికీ చెబుతాను.

ఓవెన్ నుంచి తీశాక ఏం చేశావు? డెసికేటర్‌లో చల్లార్చావా, బల్ల మీదా? ఇది జూలై. ఒక వాచ్ గ్లాస్‌లో చెంచాడు లిథియం క్లోరైడ్ వేసి కిటికీ పక్కన పెట్టి చూడు. ముందు అంచులు మెరుస్తాయి, తర్వాత గింజలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇంకాసేపటికి తడి ముద్ద అవుతుంది. గాలిలో తేమను అంతగా లాగేస్తుంది. ఓవెన్ పొడిబార్చింది నిజమే, బల్ల మీద తూకం వేసే పది నిమిషాల్లో అది మళ్లీ తాగేస్తుంది.

లెక్క చూడు. లిథియం క్లోరైడ్ మోల్ బరువు 42.4. వంద గ్రాముల్లో 5 గ్రాములు నీళ్లే అనుకో. మిగతా 95 గ్రాములు 2.24 మోల్స్, నీళ్లు 0.278 మోల్స్. ఒక నీటి అణువు ఒక గ్రిగ్నార్డ్‌ని చంపితే 12 శాతం పోయింది, రెండింటిని చంపితే 25 శాతం పోయింది. సాల్ట్ ఒక ఈక్వివలెంట్ వేస్తున్నాం కాబట్టి అది తెచ్చే నీళ్ల బరువు కూడా అదే స్థాయిలో ఉంటుంది. సాల్వెంట్ తేమ గురించి అందరూ భయపడతారు, సాల్ట్ తేమ గురించి ఎవరూ అడగరు.

ఇంకోటి. ఐసోప్రొపైల్ క్లోరైడ్ 36 డిగ్రీలకే మరుగుతుంది. కండెన్సర్‌లో నీళ్లు గోరువెచ్చగా ఉంటే సగం పైనుంచే వెళ్లిపోతుంది. చిల్లర్ పెట్టావా?

క్యూసీ డెస్క్

కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే టెస్ట్) చేయించండి. సాల్ట్‌కి కూడా చేయొచ్చు, మెథనాల్‌లో చక్కగా కరుగుతుంది. అంచనాలతో వాదించుకునే బదులు అరగంటలో నంబర్ వస్తుంది.

బెంచ్ 7

చిల్లర్ లేదు అన్నా, ట్యాప్ వాటరే. బల్ల మీదే చల్లార్చాను.

క్యూసీ వాళ్లను బతిమాలి ఇప్పుడే కార్ల్ ఫిషర్ చేయించాను. 4.8 శాతం.

పాత ప్రాసెస్ కెమిస్ట్

కారణాల్లో ఒకటి దొరికింది. ఇప్పుడు టైట్రేట్ చేయి.

జింక్ పీహెచ్‌డీ

అయోడిన్ టైట్రేషన్ చేయండి, దాన్లోనూ ఈ సాల్టే ఉపయోగపడుతుంది. పొడి ఫ్లాస్క్‌లో అయోడిన్ 254 మిల్లీగ్రాములు, అంటే ఒక మిల్లీమోల్, జాగ్రత్తగా తూచండి. లిథియం క్లోరైడ్ కరిగించిన టీహెచ్‌ఎఫ్ (0.5 మోలార్) నాలుగైదు మిల్లీలీటర్లు పోసి పూర్తిగా కరగనివ్వండి. ముదురు గోధుమ రంగు వస్తుంది. 0 డిగ్రీలకు చల్లార్చి, ఒక మిల్లీలీటర్ సిరంజితో రియేజెంట్‌ని చుక్క చుక్కగా వేయండి. గోధుమ రంగు నారింజ అవుతుంది, తర్వాత నిమ్మ పసుపు, చివరి రెండు చుక్కల దగ్గర ఒక్కసారిగా నీళ్లలా తేటబడుతుంది. అక్కడ ఆపేయాలి. లిథియం క్లోరైడ్ లేకపోతే మెగ్నీషియం హాలైడ్ మధ్యలోనే అవక్షేపంగా దిగి, ఎండ్ పాయింట్ మసకబారిపోతుంది.

1.3 మోలార్ అయితే 0.77 మిల్లీలీటర్లు పట్టాలి. ఈ పద్ధతిలో ఇంకో మంచి విషయం ఉంది. నీళ్లతో చచ్చిపోయి ఆల్కలీగా మారిన భాగాన్ని ఇది లెక్కలోకి తీసుకోదు. కార్బన్-మెగ్నీషియం బంధం ఉన్నదే అయోడిన్‌ని తింటుంది. యాసిడ్ టైట్రేషన్ ఒక్కటే చేస్తే మొత్తం బేస్ వస్తుంది, మోసపోతారు.

బెంచ్ 7

మూడుసార్లు చేశాను. 1.10, 1.11, 1.10 మిల్లీలీటర్లు.

అంటే 0.91 మోలార్. నేను 1.1 ఈక్వివలెంట్లు అనుకుని వేసింది నిజానికి 0.77. కన్వర్షన్ 60 దగ్గర ఆగడంలో ఆశ్చర్యమే లేదు. రాత్రి రెండింటికి ల్యాబ్‌లో ఒక్కడినే కూర్చుని ఈ లెక్క వేసుకున్నాక మనసు తేలికపడింది.

గుంటూరు లెక్చరర్

ఈ చర్చ చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది బాబూ. నేను డిగ్రీ పిల్లలకు చెబుతాను. మా పుస్తకాల్లో గ్రిగ్నార్డ్ కారకం అంటే ఒక ఆర్ (కార్బన్ సమూహం), ఒక మెగ్నీషియం, ఒక హాలోజన్, అంతే. 1900లో లియాన్‌లో విక్టర్ గ్రిగ్నార్డ్ మొదలుపెట్టాడు, 1912లో నోబెల్ వచ్చింది, అక్కడితో పాఠం అయిపోతుంది.

కానీ 1929లోనే తండ్రీకొడుకులు ష్లెంక్‌లు ఇద్దరూ ఇది ఒక సమతాస్థితి అని చెప్పారు. రెండు గ్రిగ్నార్డ్ అణువులు (ఆర్‌ఎంజీఎక్స్) కలిసి ఒక డైఆల్కైల్ మెగ్నీషియం, ఒక మెగ్నీషియం హాలైడ్ అవుతాయి, మళ్లీ వెనక్కి వస్తాయి. డైఆక్సేన్ పోస్తే హాలైడ్ తెల్లటి అవక్షేపంగా దిగిపోతుంది, పైన డైఆల్కైల్ మిగులుతుంది. లవణాన్ని తీసేస్తేనే కారకం స్వభావం మారుతుందంటే, లవణాన్ని కలిపితే కూడా మారాలి కదా. ఆ తర్కం వందేళ్లుగా మన కళ్లముందే ఉంది. పిల్లలకు ఈ అవక్షేపం ఒక్కసారి కళ్లారా చూపిస్తే మిగతాది వాళ్లే అడుగుతారు.

జింక్ మీద పనిచేసే అమ్మాయిని ఒకటి అడగాలి. జింక్‌తో కూడా ఇదే కథా?

జింక్ పీహెచ్‌డీ

సార్, జింక్‌లో ఇంకా లోతుగా ఉంది. రెండు వేర్వేరు చోట్ల రెండు వేర్వేరు పనులు చేస్తుంది.

మొదటిది తయారీ దగ్గర. జింక్ పొడి, ఆరైల్ అయొడైడ్ కలిపితే టీహెచ్‌ఎఫ్‌లో చాలా నెమ్మది. లిథియం క్లోరైడ్ వేస్తే చక్కగా ముందుకు పోతుంది. ఇది క్నోషెల్ బృందం 2006లో చూపించింది. ఎందుకు అన్నదానికి సాల్ట్ లోహం ఉపరితలాన్ని శుభ్రం చేస్తుందని చాలామంది అనుకునేవారు. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో సుజాన్ బ్లమ్ బృందం దీన్ని కళ్లతో చూడాలనుకుంది. మెరిసే రంగు అణువు తగిలించిన అయొడైడ్ తీసుకుని, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కింద ఒక్కో జింక్ రేణువునూ గమనించారు. సాల్ట్ లేనప్పుడు రేణువు మీద మచ్చలు మచ్చలుగా వెలుగు. అంటే ఆర్గానోజింక్ తయారవుతోంది కానీ ఉపరితలానికి అంటుకుని కూర్చుంటోంది. లిథియం క్లోరైడ్ వేయగానే ఆ వెలుగు తగ్గి ద్రావణంలోకి దిగిపోయింది. అంటే ఇక్కడ సాల్ట్ పని, తయారైనదాన్ని లోహం మీద నుంచి కరిగించి లాగడం. మొదటిసారి ఆ బొమ్మలు చూసినప్పుడు నేను నా థీసిస్ ప్లాన్ మార్చుకున్నాను.

రెండోది కప్లింగ్ దగ్గర. నేనుండే టొరంటోలోనే, యార్క్ యూనివర్సిటీలో మైకేల్ ఆర్గన్ బృందం ఆల్కైల్-ఆల్కైల్ నెగిషి కప్లింగ్ (పల్లాడియం సాయంతో ఆర్గానోజింక్‌ని ఇంకో కార్బన్‌తో కలపడం) మీద చేసిన పని ఇది. సాల్ట్ లేకపోతే ఏమీ జరగదు. జింక్‌తో పోలిస్తే ఒక ఈక్వివలెంట్ దాకా లిథియం బ్రోమైడ్ వేసినా కదలిక లేదు. ఒకటి దాటాక రియాక్షన్ మొదలవుతుంది. అంటే జింక్ ముందు ఒక హాలైడ్ తీసుకుంటుంది, అది చాలదు. ఇంకొకటి దొరికి పై స్థాయి జింకేట్ (ఎక్కువ హాలైడ్లతో నెగటివ్ చార్జ్ ఉన్న జింక్) అయ్యాకే ఆల్కైల్‌ని పల్లాడియంకి ఇస్తుందన్నది వాళ్ల వివరణ. మెగ్నీషియం కథ విని జింక్ కూడా అంతే అనుకుని ఒకటికి ఒకటి సాల్ట్ వేస్తే ఇక్కడ దెబ్బతింటారు.

ఎమ్మెస్సీ ఫైనలియర్

అక్కా, అంటే ఏ ఆర్గానోమెటాలిక్ రియాక్షన్‌కైనా కొంచెం లిథియం క్లోరైడ్ వేస్తే మంచిదేనా? మా ప్రాజెక్టులో ఎల్‌డీఏ (లిథియం డైఐసోప్రొపైలమైడ్ అనే బలమైన బేస్) ఉంది, దాన్లోనూ వేయమంటారా?

జింక్ పీహెచ్‌డీ

వద్దు. ముందు మీ ఎల్‌డీఏ ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోండి. కార్నెల్‌లో డేవిడ్ కొలమ్ బృందం 2008లో ప్రచురించిన పేపర్ ప్రతి సింథసిస్ విద్యార్థీ చదవాలి. మైనస్ 78 డిగ్రీల దగ్గర టీహెచ్‌ఎఫ్‌లో కొన్ని ఆర్థో లిథియేషన్లకు (వలయం మీద పక్క స్థానంలో లిథియం చేర్చడానికి) 0.5 మోల్ శాతం లిథియం క్లోరైడ్ చాలు, వేగం గట్టిగా పెరుగుతుంది. కొన్న బ్యూటైల్ లిథియంతో చేసిన ఎల్‌డీఏ అయినా, కొన్న ఎల్‌డీఏ అయినా బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ 100 రెట్ల దాకా తేడా కనిపించింది. అంటే మీరు వేయకపోయినా అది మీ ఫ్లాస్క్‌లో ఉండొచ్చు. పోయిన నెల పనిచేసి ఈ నెల చేయకపోతే మన చేతి పనితనం మీద నింద వేసుకుంటాం. తప్పు చేతిది కాకపోవచ్చు.

ఇది తెలియక నేను ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గుంటూరు లెక్చరర్

నోజాకి-హియామా-కిషి రియాక్షన్ (క్రోమియంతో హాలైడ్‌ని ఆల్డిహైడ్‌కి కలిపేది) కూడా ఈ కోవలోనిదే. క్రోమియం క్లోరైడ్ ఒక బాటిల్‌తో పనిచేస్తుంది, ఇంకో బాటిల్‌తో చేయదు. చివరికి 1986లో జపాన్‌లో నోజాకి, తకాయి బృందం, హార్వర్డ్‌లో కిషి బృందం వేర్వేరుగా తేల్చిందేమిటంటే, పనిచేసే బాటిల్‌లో ఉన్న నికెల్ అనే మలినమే అసలు ఉత్ప్రేరకం. అప్పటి నుంచి నికెల్ క్లోరైడ్‌ని కావాలనే కొద్దిగా వేస్తున్నారు.

పాత ప్రాసెస్ కెమిస్ట్

సాల్ట్ చెడగొట్టే సందర్భాలు కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు అన్నిట్లో వేసేస్తారు. విటిగ్ రియాక్షన్‌లో (ఆల్డిహైడ్ నుంచి ఆల్కీన్ చేసేది) జడ్ ఆల్కీన్, అంటే గ్రూపులు ఒకే వైపు ఉన్నది, కావాలంటే లిథియం సాల్ట్ లేకుండా చూసుకోవాలి. అందుకే సోడియం, పొటాషియం బేస్‌లు వాడతాం. లిథియం ఉంటే ఆ సెలెక్టివిటీ పడిపోతుంది. మిథైల్ లిథియం కొనేటప్పుడు లిథియం బ్రోమైడ్‌తో ఉన్నదా, హాలైడ్ తక్కువ ఉన్నదా అని లేబుల్ చూడాలి. క్యూప్రేట్ (రాగి రియేజెంట్) చేసేటప్పుడు ఆ రెండూ ఒకటి కావు.

సీరియం గురించి ఎవరూ అనలేదు. పక్కన ఆల్ఫా హైడ్రోజన్లు ఉండే కీటోన్ మీద గ్రిగ్నార్డ్ వేస్తే, అది కలిసే బదులు ప్రోటాన్ లాక్కుని ఈనోలేట్ చేస్తుంది. వర్కప్ తర్వాత కీటోన్ కీటోన్‌గానే తిరిగొస్తుంది. దానికి ఇమామోటో చూపించిన మందు సీరియం క్లోరైడ్. మంచి మందే, కానీ ఆరబెట్టడంలోనే ప్రాణం ఉంది. హెప్టాహైడ్రేట్‌గా వస్తుంది. వాక్యూమ్‌లో కలుపుతూ, నెమ్మదిగా, 140 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. చాలా ఏళ్ల కిందట ఒక యూనిట్‌లో షిఫ్ట్ మారే తొందరలో మా వాళ్లు ఒకేసారి వేడెక్కించారు. తన నీళ్లలో తానే ఉడికి, బండరాయిలా ఫ్లాస్క్ అడుగున పట్టేసింది. సీరియం ఆక్సీక్లోరైడ్ అయిపోయి ఉంటుంది. దాన్ని పొడి చేసి వాడితే ఒక్క శాతం కూడా మేలు జరగలేదు. సరిగా ఎండినదాన్ని టీహెచ్‌ఎఫ్‌లో రాత్రంతా కలిపితే పలచటి మజ్జిగలా తయారవుతుంది. ఆ రూపం కనిపిస్తేనే నేను గ్రిగ్నార్డ్ వేయమంటాను.

జింక్ పీహెచ్‌డీ

ఆ ఇబ్బంది తప్పించడానికే క్నోషెల్ వాళ్లు లాంథనమ్ క్లోరైడ్‌కి రెండు లిథియం క్లోరైడ్‌లు కలిపి టీహెచ్‌ఎఫ్‌లో కరిగే రూపం తెచ్చారు, అదీ 2006లోనే. అక్కడ లిథియం క్లోరైడ్ పని కరిగించడం. ఒకే సాల్ట్ ఒకచోట గుంపు విడదీస్తుంది, ఒకచోట లోహం మీద నుంచి లాగుతుంది, ఒకచోట కరిగిస్తుంది.

క్యూసీ డెస్క్

బెంచ్ 7 గారూ, మీ జీసీలో కన్వర్షన్ ఎలా చూస్తున్నారు? అమ్మోనియం క్లోరైడ్‌లో క్వెంచ్ చేసి (రియాక్షన్ ఆపి), బ్రోమిన్ పోయి హైడ్రోజన్ వచ్చిన పీక్ కొలుస్తున్నారా? అలాగైతే మీ ఫ్లాస్క్‌లో తేమ వల్ల ముందే చచ్చిపోయిన ఆరైల్ గ్రిగ్నార్డ్ కూడా అదే పీక్‌లో కలిసిపోతుంది. శాంపిల్‌ని అయోడిన్ ద్రావణంలో క్వెంచ్ చేయండి. బతికున్నదంతా ఆరైల్ అయొడైడ్‌గా విడిగా వస్తుంది, చచ్చిందంతా హైడ్రోజన్ పీక్‌లో ఉంటుంది.

బెంచ్ 7

ఈ సలహాకి చేతులెత్తి దండం మేడమ్. పాత బ్యాచ్‌తో అలాగే చూశాను. 58 అనుకున్నదాంట్లో 7 శాతం హైడ్రోజన్ పీక్. అంటే నిజంగా పనికొచ్చేది 51.

ఇప్పుడు కొత్తగా చేసింది చెబుతాను. లిథియం క్లోరైడ్‌ని ఏ ఫ్లాస్క్‌లో వాడాలో అదే ఫ్లాస్క్‌లో తీసుకుని 150 డిగ్రీల దగ్గర హై వాక్యూమ్‌లో నాలుగు గంటలు ఉంచాను. చల్లారేదాకా వాక్యూమ్ తీయలేదు, నైట్రోజన్‌తోనే తెరిచాను. ఇంకో ఫ్లాస్క్‌లో అదే పద్ధతిలో ఎండబెట్టిన శాంపిల్ కార్ల్ ఫిషర్ 0.1 శాతం వచ్చింది. టర్నింగ్స్‌ని అందులోకే వేశాను. కండెన్సర్‌కి చిల్లర్ పెట్టాను, 5 డిగ్రీలు. ఐసోప్రొపైల్ క్లోరైడ్ గంటన్నర పాటు చుక్కలుగా. టైట్రేషన్‌లో 0.82 మిల్లీలీటర్లు, అంటే 1.22 మోలార్.

తర్వాత రెండు ఫ్లాస్క్‌లు పక్కపక్కనే. ఒకదాంట్లో మామూలు ఐసోప్రొపైల్ మెగ్నీషియం క్లోరైడ్, రెండోదాంట్లో నా కాంప్లెక్స్. రెండూ ఆ రోజే టైట్రేట్ చేసి, రెండూ 1.1 ఈక్వివలెంట్లు. ఒకే సబ్‌స్ట్రేట్ లాట్, ఒకే ఐస్ బాత్. మూడు గంటలకు అయోడిన్ క్వెంచ్: సాల్ట్ లేనిది 19 శాతం, ఉన్నది 96 శాతం. ఆల్డిహైడ్ వేశాక ఐసోలేటెడ్ యీల్డ్ 84.

పాత ప్రాసెస్ కెమిస్ట్

శభాష్ తమ్ముడూ. ఇప్పుడు రివ్యూలో ఆ రెండు ఫ్లాస్క్‌ల పోలికే ముందు పెట్టు.

స్కేల్ పెంచే ముందు రెండు విషయాలు ఆలోచించుకో. ఒక మోల్ రియేజెంట్‌కి 42 గ్రాముల సాల్ట్, వంద మోల్స్‌కి 4 కిలోల పైన. వర్కప్‌లో అదంతా నీళ్లలోకే పోతుంది. హై టీడీఎస్ (కరిగిన లవణాలు ఎక్కువున్న) నీళ్లు, వాటిని ఆవిరి చేసే ఎంఈఈ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో, తర్వాత ఎన్విరాన్‌మెంట్ వాళ్లు అడిగినప్పుడు తడుముకోవద్దు. రెండోది, గ్రిగ్నార్డ్ మొదలయ్యాకే మిగతా క్లోరైడ్ వేయి. మొదలైందని వేడి చూసి నిర్ధారించుకోకుండా అడిషన్ కొనసాగిస్తే, అంతా పోగుపడి ఒక్కసారిగా లేస్తుంది. ల్యాబ్ ఫ్లాస్క్‌లో ఐస్ బాత్ కాపాడుతుంది, రియాక్టర్‌లో కాపాడదు.

బెంచ్ 7

రాసుకున్నాను అన్నా. ఇంకొక్క సందేహం. మిగిలిన ద్రావణం నైట్రోజన్ కింద ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున చూస్తే అడుగున తెల్లటి స్ఫటికాలు. పాడైపోయిందా?

జింక్ పీహెచ్‌డీ

పాడవలేదు, చల్లదనానికి దిగింది. అలాగే పైనుంచి సిరంజితో తీస్తే మాత్రం తప్పు నంబర్ వస్తుంది, ఎందుకంటే కాంప్లెక్స్ కొంత అడుగున ఉంది. రూమ్ టెంపరేచర్‌కి రానివ్వండి, స్ఫటికాలన్నీ కరిగేదాకా మెల్లగా తిప్పండి, మళ్లీ టైట్రేట్ చేసి వాడండి. ఇకమీదట ఫ్రిజ్‌లో పెట్టకండి.

బెంచ్ 7

గంటసేపు బయట ఉంచాక అన్నీ కరిగాయి. టైట్రేషన్ 0.83. 20 గ్రాముల బ్యాచ్ మొదలుపెట్టాను, ఇప్పుడు లోపలి టెంపరేచర్ 2 డిగ్రీలు ఉంది.